ముహూర్తానికి విచ్చే పూలు

వసంతంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు పూల కోసం ముందుగా చూడాల్సింది ఫోన్‌లో ఫొటోలు కాదు, శుభలేఖలో ముహూర్తం గంట

ఇంకా తెల్లారలేదు. కడియపులంకలో జాతీయ రహదారి పక్కనున్న పూల మార్కెట్లో మాత్రం కాటాలు ఆడుతున్నాయి. లంక ఊళ్ల నుంచి మోటారు సైకిళ్ల వెనక కట్టుకొచ్చిన మూటలు ఒక్కొక్కటే విప్పుతున్నారు. తడి గోనె తీయగానే బంతిపూల వగరు వాసన గుప్పుమంటోంది. పక్కనే లిల్లీ, చామంతి రాశులు. ఇంకో పక్క సన్నగా పొడుగ్గా కాగడా మొగ్గలు. ఎల్లుండి పెద్ద ముహూర్తం. రాజమహేంద్రవరం, కాకినాడ, విశాఖపట్నం వైపు వెళ్లాల్సిన బండ్లు రోడ్డు వార నిలబడి తొందరపెడుతున్నాయి.

ఆ హడావుడిలో పెళ్లికూతురి మేనమామ ఒకాయన ఫోన్ పట్టుకుని కొట్టుకొట్టూ తిరుగుతున్నాడు. తెర మీద మండపం ఫొటో ఉంది. అందులో లేత గులాబీ రంగు పియొనీలు, నీలి హైడ్రేంజియాలు, తెల్ల తులిప్‌లు.

"ఏవండీ, ఇలాంటివి దొరుకుతాయాండీ?"

"అయ్యి మనకాడ పూసేవి కాదండి. మల్లిమొగ్గ దిగిందండి, చెయ్యెట్టి చూడండి."

చెయ్యి పెట్టి చూశాడాయన. చల్లగా, గట్టిగా, గోరంత కూడా వాడని మొగ్గ. అయినా ఫోన్ జేబులో పెట్టలేకపోయాడు. ఆ ఫొటో పంపింది మేనకోడలు.

ఆ మేనకోడలిని తప్పుపట్టడానికి లేదు. జీవితంలో ఒక్కసారి జరిగే వేడుక అందంగా ఉండాలనుకోవడం న్యాయమే. కానీ ఆ ఫొటోలోని పూలకు మన చైత్ర వైశాఖాలతో పొత్తు లేదు. పియొనీ చలికాలంలో గట్టి చలి తింటేనే పూసే మొక్క. హైడ్రేంజియాకు ఊటీ లాంటి చల్లని కొండ కావాలి. తులిప్ విమానమెక్కి రావాలి. వచ్చినా, నలభై డిగ్రీల ఎండలో కల్యాణ మండపం గుమ్మం దగ్గర ఎంతసేపు తలెత్తుకు నిలబడుతుంది? అందుకే చాలాచోట్ల ఆ ఫొటో చూపించి అడిగినవాళ్లకు చివరికి దక్కేది అదే ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ పువ్వు. అదే సమయంలో మన చేలల్లో ఏడాదికెల్లా మేలైన మల్లె దిగుతుంటుంది.

వసంతం ఏ పూలు ఇస్తుంది?

మల్లెకు అసలు కాలం ఇదే. చలికాలంలో కొమ్మలు కత్తిరించి ఎరువు వేసి నీరు కడితే, మార్చి నాటికి కొత్త చిగుళ్ల చివర మొగ్గలు తొడుగుతాయి. అక్కణ్నుంచి వేసవంతా పూతే. మైలవరం చుట్టుపక్కల మల్లెతోటలకు పేరుంది. తమిళనాడులో మదురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుండుమల్లె, రేకమల్లె ఏదైనా సరే, ఈ మాసాల్లో కొన్న మొగ్గకు ఉన్న బిగువు, వాసన మరే కాలంలోనూ రావు. పుష్య మాఘాల్లో మల్లెపూల కోసం పోటీపడి కొనేవాళ్లు చైత్రం దాకా ఆగితే అంతకంటే మంచి పువ్వు అంతకంటే తక్కువకు వస్తుంది. ఆ చలి నెలల్లో పెళ్లి అయితే కాగడా తీసుకోవడం తెలివైన పని. వాసన తక్కువే గానీ మొగ్గ ఎక్కువసేపు నిలుస్తుంది.

చామంతి కథ వేరు. రాత్రి పొడుగ్గా ఉంటేనే అది మొగ్గ తొడుగుతుంది. కార్తీక మార్గశిరాల్లో విరగబూసి, ఉగాది నాటికి సహజమైన కాలం దాటిపోతుంది. వేరే నెలల్లో కూడా మార్కెట్‌కు అందించాలని కొందరు రైతులు చేలో తీగలు లాగి, రాత్రిపూట బల్బులు వెలిగించి పూతను వెనక్కి జరుపుతారు. చీకట్లో చేను చేనంతా బల్బులతో వెలుగుతుంటే తెలియనివాళ్లు అక్కడేదో జాతర అనుకుంటారు. ఆ కరెంటు ఖర్చు, ఆ శ్రమ అంతా పువ్వు ధరలో ఉంటుంది. కాబట్టి వసంతంలో గుమ్మాలన్నిటికీ చామంతే కావాలనడం దుబారా.

లిల్లీ అని మనం పిలుచుకునే నేలసంపెంగ ఈ కాలానికి నమ్మకమైన పువ్వు. ఒంటిరేకు రకం దండలకు, ముద్ద రకం కాడతో సహా కుండీలకు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన ప్రజ్వల్, సువాసిని రకాలు రైతులకు బాగా తెలుసు. కనకాంబరానికి వాసన లేదు. కానీ ఆ రంగు ఎండకు వెలవదు, తలలో బరువుండదు. మరువం, ధవనం కలిపితే ఆ వాసన లోటు కూడా తీరుతుంది.

గులాబీ దగ్గర ఒక్క జాగ్రత్త. హోసూరు వైపు నుంచి వచ్చే కాడ గులాబీలు 20 చొప్పున కట్టలుగా వస్తాయి. ఫిబ్రవరి 14 ముందు వారం వాటి ధర మీద ఎవరి అదుపూ ఉండదు. ఆ రోజుల్లో ముహూర్తం పడినవాళ్లు గులాబీని దండ మధ్య పతకానికి పరిమితం చేసుకుని మిగతాది వేరే పూలతో నింపుకోవడం మంచిది.

---
ముహూర్తం గంటను బట్టి

రాత్రి ముహూర్తం: అదే రోజు ఉదయం కోసిన మల్లెమొగ్గ. సాయంత్రానికి కట్టిస్తే తాళి కట్టే వేళకు దండలోనే విచ్చుతుంది.

తెల్లవారుజాము: రాత్రే విచ్చిన మల్లె తెల్లారేసరికి నిండుగా ఉంటుంది గానీ మధ్యాహ్నానికి పసుపుబారుతుంది. ఫొటోలు ఎండెక్కాక కూడా ఉంటే రెండో జత దండలు లిల్లీతో చేయించుకోండి.

పగలు: కనకాంబరం, మరువం, గులాబీ, బంతి. మల్లె కావాలంటే ముందు రోజు మొగ్గలు కాకుండా ఆ ఉదయం కోసినవి తెప్పించాలి.

ఆరుబయట, ఎండలో: జెర్బెరా వద్దు. నీరందకపోతే మెడ వాల్చేస్తుంది.
---

పువ్వుకు తన గంట తనకుంది

మల్లెను మొగ్గగా కోసేది తెల్లవారుజామున. విచ్చేది చీకటి పడ్డాక. రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులను పిలవడానికి వాసనను అప్పుడే విడుస్తుంది. మొగ్గగా ఉన్నప్పుడు ముక్కు దగ్గర పెట్టుకున్నా పెద్దగా వాసన రాదు. మన పెద్దలు రాత్రి లగ్నాలకు మల్లెదండలు కట్టించిన తీరు చూస్తే, ఈ సంగతి వాళ్లకు చేతి అలవాటుగా తెలుసనిపిస్తుంది. పెళ్లి పగటికి మారింది, దండ మాత్రం మారలేదు. పన్నెండు గంటల ముహూర్తానికి నిన్నటి మల్లెదండ వేసుకుని, ఫొటోల్లో గోధుమరంగు మచ్చలు చూసి బాధపడేవాళ్లు ఎందరో.

పచ్చిగా కోసిన మొగ్గ అసలు విచ్చదు. లేత ఆకుపచ్చ చాయ ఉంటే అది ఇంకా ముదరలేదన్నమాట. తెల్లగా నిండి, కొన బిగిసి ఉన్న మొగ్గ కావాలి. గుప్పెడు తీసి అరచేతిలో పోసుకుని చూస్తే ఈ తేడా ఎవరికైనా తెలుస్తుంది. బేరం ఆడే ముందు ఈ పని చేయండి.

తెచ్చాక నీళ్లలో నానబెట్టకూడదు. పిండిన తడిబట్టలోనో అరటాకులోనో చుట్టి చల్లచోట పెడితే చాలు. బంతిని మాత్రం తడితో మూట కట్టకండి. నల్లబడి కుళ్లుతుంది.

మధుపర్కాల మీద ఏ దండ?

తెలుగు పెళ్లిలో పూల ఎంపికను మండపం కంటే ముందు మధుపర్కాలు నిర్ణయించాలి. తెల్లని నేత, ఎర్ర లేక పసుపు అంచు. దాని మీద తెల్లని లిల్లీ దండ, తెల్లని మల్లెదండ వేస్తే పూలు కనపడవు. ఎంత ఖర్చుపెట్టి కట్టించినా చీరలో కలిసిపోతుంది. నాలుగు జానలకోసారి ముదురు ఎరుపు గులాబీ, అంచుకు మరువం పచ్చ, కింద కనకాంబరం కుచ్చు. ఇంత చాలు, తెలుపుకు హద్దు దొరుకుతుంది.

ఇప్పుడు గులాబీ రేకుల దండ బాగా నడుస్తోంది. రేకులు మడిచి వరసలుగా కుట్టిన ఆ దండ చూడముచ్చటే. కానీ చెమటకు, ఒత్తిడికి నలిగి తెల్లచీర మీద మరక దిగుతుంది. పట్టుచీర మీద రిసెప్షన్‌కు వేసుకోవడం క్షేమం. విదేశీ లిల్లీ వాడితే లోపలి పుప్పొడి కాడలు కత్తిరించమని ముందే చెప్పండి. ఆ పొడి బట్టకు అంటితే వదలడం కష్టం. దండ బరువు కూడా చూసుకోవాలి. భుజాలు వంగిపోయే గజమాలలు ఊరేగింపు విగ్రహాలకు అందం. మూడు గంటలు పీటల మీద కూర్చునే పిల్లకు కాదు.

అన్నిటికంటే శ్రద్ధ పెట్టాల్సింది పూలజడకు. ఆడపిల్లలకు ఎండాకాలం సెలవుల్లో మల్లెమొగ్గల జడ కుట్టి, స్టూడియోకు తీసుకెళ్లి, వెనకున్న అద్దంలో జడ కనపడేలా ఫొటో తీయించని తెలుగు ఇల్లు ఒక తరం కిందట అరుదు. అప్పట్లో పిల్లను కదలకుండా కూర్చోబెట్టి అసలు జడ మీదే కుట్టేవారు. ఇప్పుడు అట్ట మీద కుట్టి తెచ్చి పిన్నులతో బిగిస్తున్నారు. పనితనం మాత్రం పాతదే. ఒకే పొడవున్న మొగ్గల్ని ఏరాలి. పొట్టివి, వంకరవి పక్కన పెట్టాలి. సూదిని కాడలోంచి పోనిచ్చి, పక్కపక్కనే ఆనించి, వరసకూ వరసకూ మధ్య అట్ట కనపడకుండా లాగాలి. గట్టిగా లాగితే కాడ తెగుతుంది, వదులైతే వరస జారుతుంది. మధ్యలో కనకాంబరాల గీత, చివర జడకుచ్చులు. రాత్రి ముహూర్తమైతే ఈ జడ మీదే మొగ్గలు విచ్చుతాయి. సాయంత్రం సన్నగా, నున్నగా పెట్టిన జడ తలంబ్రాల వేళకు ఒత్తుగా పొంగి వీపంతా తెల్లగా పరుచుకుంటుంది. ఏ కొత్తరకం అలంకరణా ఇవ్వలేని సొగసు అది. మన పెళ్లిలో పూల ఖర్చుకు ఒకే ఒక్క చోటు ఎంచుకోమంటే నేను జడనే ఎంచుతాను.

పందిరికి ఆకు చాలు

వేదిక వెనక గోడంతా పూలతో నింపాలన్న పంతం పట్టణాల్లో మొదలై ఇప్పుడు మండల కేంద్రాలకూ పాకింది. పదిహేను అడుగుల గోడకు పచ్చిపూలు కావాలంటే సామాన్యుడి వల్ల కాదు. అక్కడే ప్లాస్టిక్ దూరింది. అలంకరించేవాళ్లకు అది లాభసాటి. ఒకసారి కొంటే పది పెళ్లిళ్లు, వాడిపోతుందన్న భయం లేదు, అర్ధరాత్రి పనివాళ్లు అక్కర్లేదు. వాళ్ల లెక్క వాళ్లది. మనం మాత్రం ప్రతిసారీ కొత్తదానికి డబ్బు కట్టి, దుమ్ము పట్టిన పాతదాని ముందు నిలబడుతున్నాం.

దీనికి మందు మన పందిట్లోనే ఉంది. అరటిచెట్లు, మామిడి తోరణం, కొబ్బరి మట్టలు. వసంతంలో మామిడి కొత్త చిగురుతో ఎర్రగా, లేతగా ఉంటుంది. ఆ చిగురుటాకుకు ఉన్న రంగు మరే కాలంలోనూ దొరకదు. కొబ్బరి ఆకును చీల్చి అల్లితే చాపలు, చిలకలు, బుట్టలు. ఆ అల్లిక తెలిసినవాళ్లు గోదావరి, కోనసీమ ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. పచ్చని గోడ ముందు నాలుగు స్తంభాలకే బంతి, లిల్లీ చుట్టితే, తెల్లని మధుపర్కాల్లో ఉన్న జంట మీదే చూపు నిలుస్తుంది. వేసవిలో కాగితపు పూల చెట్టు ప్రతి వీధిలోనూ విరగబూసి ఉంటుంది. కొమ్మలుగా కోసి గుమ్మం దగ్గర పెద్ద బిందెల్లో పెడితే రాణీరంగు నిండుగా కనపడుతుంది. నీళ్ల ఉరుళిలో దేవగన్నేరు పూలు గంటల తరబడి తేలుతాయి. మామూలు గన్నేరును మాత్రం వడ్డన బల్లల మీద పెట్టవద్దు. అది విషం.

కాడ పూలు గుచ్చడానికి వాడే ఆకుపచ్చ స్పాంజ్ గురించి కూడా చెప్పాలి. ఓయాసిస్ అంటారు. అది ప్లాస్టిక్ జాతిదే, నలిపితే పొడిపొడిగా రాలి మట్టిలో కలవకుండా ఉండిపోతుంది. చెల్సీ పూల ప్రదర్శన నిర్వహించే లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. మనకు దాని అవసరం ఎప్పుడూ లేదు. అరటి బోదెను అడ్డంగా కోసి పెడితే లోపలి తడి పూలకు అందుతుంది, కాడ నిటారుగా నిలుస్తుంది. చిన్న పూలైతే చీపురుపుల్లకు గుచ్చి దానిలో నాటవచ్చు. పెళ్లయ్యాక ఆ బోదె పశువులకు మేత.

---
తలంబ్రాల్లో థర్మోకోల్

భద్రాచలం సీతారాముల కల్యాణంలో తలంబ్రాలకు ముత్యాలు కలుపుతారు. ఇళ్లలో పెళ్లిళ్లకు ఇప్పుడు రంగురంగుల థర్మోకోల్ బాల్స్ కలుపుతున్నారు. అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన వస్తువుల జాబితాలో ఉంది. ప్లాస్టిక్ పూలు ఆ జాబితాలో లేవు. కృత్రిమ పూలను నిషేధిస్తామని మహారాష్ట్ర ప్రభుత్వం 2025లో శాసనసభలో ప్రకటించింది. తలంబ్రాలకు గులాబీ రేకులు, విడి మల్లెలు కలిపితే చాలు. కంట్లో పడినా హాని లేదు.
---

ముహూర్తం లేకపోతే చేను ఏమవుతుంది?

పూల రైతుకు ధర చెప్పేది పంచాంగం. మంచి ముహూర్తం ముందు రెండు రోజులు కిలో ధర ఎగబాకుతుంది, ముహూర్తం దాటిన మర్నాడు పడిపోతుంది. గురు, శుక్ర మూఢాలు వస్తే పెళ్లిళ్లే ఉండవు. 2024లో ఏప్రిల్ నెలాఖరు నుంచి జూలై దాకా అదే జరిగింది. మల్లె పూత ముమ్మరంగా ఉన్న నెలలు అవి. చెట్టుకు మూఢం తెలియదు, మొగ్గ తొడుగుతూనే ఉంటుంది. కోయకపోతే మర్నాటి పూత దెబ్బతింటుంది. కోస్తే కూలి గిట్టదు. కిలోకు వేల మొగ్గలు. ఒక్కొక్కటీ చేత్తో, ఎండ ఎక్కక ముందే కోయాలి. తోట ఖర్చులో పెద్ద వాటా ఆ కోత కూలిదే.

హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు నుంచి వచ్చే పూలదీ ఇదే పరిస్థితి. పాలీహౌస్ వేసుకుని జెర్బెరా, కార్నేషన్ పెట్టిన రైతుకు పెళ్లిళ్ల సీజన్ చేతికందకపోతే అప్పు మిగులుతుంది. ఆ సీజన్‌లోనూ మండపాలకు ప్లాస్టిక్ పూలు ఎక్కితే ఇక ఎవరి కోసం పండించాలి?

చేను తర్వాత దండ కట్టే చేతులు. గుడి ముందు, మార్కెట్ మెట్ల మీద కూర్చుని, చూపు ఎటో ఉన్నా వేళ్లు ఆగకుండా మూరలు మూరలు కట్టే ఆడవాళ్లు. మొగ్గల జత అటొకటి ఇటొకటి పెట్టి, తడిపిన అరటినారను మెలివేసి బిగిస్తారు. సూది ఉండదు, ముడి కనపడదు. నార ఇప్పుడు చాలాచోట్ల దారంగా మారింది. మనం బేరమాడేది ఎక్కువగా వీళ్ల దగ్గరే. లక్షల్లో ప్యాకేజీ కుదుర్చుకుని, మూర దగ్గర పది రూపాయలు తగ్గించమనడం మంచి పని కాదు.

ఊరు దాటి వెళ్లినవాళ్ల ఇబ్బంది వేరు. అమెరికాలో పెళ్లి చేసుకునే మన పిల్లలకు బంతి, మల్లె అడిగినప్పుడల్లా దొరకవు. వాళ్లు కార్నేషన్ పూలతో దండలు కట్టించుకుంటున్నారు. గట్టి రేకు, రోజంతా నిలిచే పువ్వు. అక్కడ ఏది దొరికితే దానితో సర్దుకోవడంలో ఔచిత్యం ఉంది. ఇక్కడ మల్లె రాశులు పక్కన పెట్టుకుని పియొనీ కోసం వెతకడంలో అది లేదు.

అప్పగింతలు అయ్యాక

మర్నాటి ఉదయం కల్యాణ మండపాల వెనక చెత్తకుప్పలో పూలు, తీగలు, స్పాంజ్, మెరుపు కాగితం అన్నీ కలిసి ఉంటాయి. విడిగా ఉంటే ఆ పూలకు దారి ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం 2021 సెప్టెంబరు నుంచి ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తులు చేయిస్తోంది. ఎండు పూలతో దేవుడి పటాలు చేసే పని కూడా డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం సాయంతో మొదలుపెట్టింది. హైదరాబాద్‌లోనూ వాడిన పూలను సేకరించి ధూప్ కడ్డీలు, సబ్బులు చేసేవాళ్లు ఉన్నారు. పెళ్లింటివాళ్లకు అంత దూరం వెళ్లే ఓపిక ఉండదు, నిజమే. కనీసం దారాలు తీసి కొబ్బరిచెట్టు పాదులో వేసినా ఎరువవుతుంది.

ఈ వసంతంలో ఇంట్లో పెళ్లి ఉంటే అలంకరణ వాళ్లకు అడ్వాన్స్ ఇచ్చే ముందు మూడు మాటలు కాగితం మీద రాయించుకోండి. ప్లాస్టిక్ పూలు వద్దు. థర్మోకోల్, ఓయాసిస్ వద్దు. దండలకు, జడకు పూలు ఏ ఊరివి, ఏ పూట కోసినవి అన్నది చెప్పాలి. కనీసం నెల ముందు మాట్లాడితే దండ కట్టేవాళ్లు తమకు తెలిసిన రైతుతో మొగ్గకు ముందే మాట తీసుకుంటారు. ముహూర్తం పెట్టించిన రోజే ఆ ఫోన్ చేయండి.